బిడ్డలో తేడా కనిపించినప్పుడు మన ధర్మమేమిటి?



విజయదశమి అనగానే మనకు అక్షరాభ్యాసం గుర్తుకు వస్తుంది. బాసర దాకా వెళ్ళలేకపోయినా, ఇక్కడ అరోరాలోనో, లెమాంట్‌లోనో, ఇంకా దగ్గరలో ఉన్న ఏదో ఒక గుడిలోనో బిడ్డను ఒళ్ళో కూర్చోబెట్టుకుని పళ్ళెంలో పోసిన బియ్యం మీద ఓంకారం దిద్దించడం మన ఇళ్ళలో ఆనవాయితీ. ఆ వేళ తల్లిదండ్రులందరి మనసులోనూ ఉండే కోరిక ఒక్కటే. మా బిడ్డకు చదువు రావాలి, పది మందిలో మంచిగా బతకాలి. అయితే ఆ పళ్ళెం ముందు కూర్చున్న పిల్లలందరూ ఒకే తీరుగా ఎదగరు. కొందరికి మాట ఆలస్యమవుతుంది. కొందరికి వినికిడి తక్కువ. కొందరికి కాళ్ళూ చేతులూ అనుకున్నట్టు సాగవు. కొందరు మన కళ్ళలోకి చూడరు. ఈ పండుగ సంచికలో ఆ పిల్లల గురించి, వారి విషయంలో మనకున్న ధర్మం గురించి నాలుగు మాటలు చెప్పుకుందాం. పండుగ పూట ఇటువంటి మాటలెందుకని కొందరికి అనిపించవచ్చు. కాని సంవత్సరంలో మనమందరం ఒకచోట చేరేదీ, ఒకరి పిల్లలను ఒకరం చూసేదీ పండుగలకే కదా.

మనందరికీ తెలిసిన మౌనం

షామ్‌బర్గ్, హాఫ్‌మన్ ఎస్టేట్స్, చుట్టుపక్కల ఊళ్ళలో మన తెలుగువాళ్ళు బాగా పెరిగారు. ఒకప్పుడు మోటరోలా వంటి కంపెనీల ఉద్యోగాలకు వచ్చి స్థిరపడినవారు కొందరైతే, తరువాత సాఫ్ట్‌వేర్ పనుల మీద వచ్చినవారు మరెందరో. వారాంతం వచ్చిందంటే ఎవరో ఒకరింట్లో పుట్టినరోజో, సత్యనారాయణ వ్రతమో ఉంటుంది. అక్కడ రెండేళ్ళ పిల్లవాడు ఒకడు పిలిస్తే పలకడు. బొమ్మ కారును నడపకుండా తిరగేసి చక్రాన్నే అరగంటసేపు తిప్పుతూ కూర్చుంటాడు. తోటి పిల్లలు పిలిచినా చూడడు. భోజనాల దగ్గర పెద్దవాళ్ళు ఇది గమనిస్తారు. ఇంటికి వెళ్ళేటప్పుడు కారులో భార్యాభర్తలు మాట్లాడుకుంటారు కూడా. ఆ పిల్లవాడి తల్లితో మాత్రం ఎవరూ ఏమీ అనరు.

ఆ తల్లి గమనించలేదనుకుంటే పొరపాటే. చాలాసార్లు అందరికన్నా ముందు గమనించేది ఆమే. రాత్రి అందరూ పడుకున్నాక ఆమె ఇంటర్నెట్‌లో వెతుకుతూ ఉంటుంది. ఆమె భర్తతో అంటే ‘‘నువ్వు ఊరికే భయపడతావు’’ అంటాడు. ఊళ్ళో ఉన్న అత్తగారితో ఫోనులో అంటే ‘‘వీడి నాన్నకు నాలుగేళ్ళ దాకా మాటలు రాలేదు’’ అంటారు. అందరూ ప్రేమతోనే మాట్లాడుతున్నారు. కాని ఆ ప్రేమ అంతా కలిసి బిడ్డకు ఒక సంవత్సరం ఆలస్యం చేస్తుంది.

ఇక్కడే మనం ఆలోచించవలసిన ప్రశ్న ఉంది. చూసినవాళ్ళు చెప్పాలా, ఊరుకోవాలా? కన్నవాళ్ళు వెంటనే తెలుసుకోవాలా, కొంత కాలం చూడవచ్చా? బిడ్డకు ఒక పేరు తగిలించడం కన్నా తెలియకుండా ఉండటమే మేలా?

మన సంస్కారాలు చెప్పేది

మన పెద్దలు బిడ్డ పుట్టినప్పటి నుంచి వరుసగా సంస్కారాలు పెట్టారు. నామకరణం, అన్నప్రాశనం, చెవులు కుట్టడం, పుట్టు వెంట్రుకలు, అక్షరాభ్యాసం. వీటిలో మంత్రం, దైవభక్తి ఉన్నాయి. వీటితో పాటు ఇంకొకటి కూడా ఉంది. బిడ్డ చుట్టూ బంధువులంతా చేరి, ఆ వయసుకు ఆ బిడ్డ ఏం చేస్తున్నాడో కళ్ళారా చూసే సందర్భాలు అవి. అన్నప్రాశన రోజున పుస్తకం, కలం, బంగారం, పూలు ముందు పెట్టి బిడ్డను వదులుతాం. ఏది పట్టుకుంటాడా అని నవ్వుతూ చూస్తాం. ఆ చూపులోనే బిడ్డ కూర్చుంటున్నాడా, పాకుతున్నాడా, వస్తువు వైపు చెయ్యి చాస్తున్నాడా అన్నవి కూడా పడతాయి. ఉమ్మడి కుటుంబంలో పది మంది పిల్లలను పెంచిన నాయనమ్మకు ఏ బిడ్డ వెనకబడ్డాడో చెప్పడానికి డాక్టరు అక్కరలేదు.

ఇక్కడ మనకు ఆ నాయనమ్మ ఆరు నెలల విజిటర్ వీసా మీద వచ్చి వెళ్ళిపోతుంది. మిగతా రోజులలో అపార్ట్‌మెంట్‌లో తల్లి, బిడ్డ ఇద్దరే. మొదటి బిడ్డ అయితే పోల్చుకోవడానికి మరొక బిడ్డ ఉండదు. కాబట్టి ఆ చూసే పనిని ఇంకెవరో చెయ్యాలి. ఈ దేశంలో పిల్లల డాక్టర్ల సంస్థ అయిన అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ ఈ పనికి ఒక క్రమం చెప్పింది. 9, 18, 30 నెలల వయసులో బిడ్డ ఎదుగుదలను ప్రశ్నాపత్రంతో పరీక్షించాలి. 18, 24 నెలలలో ఆటిజం కోసం ప్రత్యేకంగా చూడాలి. టీకాల కోసం వెళ్ళినప్పుడు మన చేతికి ఇచ్చే కాగితం ఇదే. ఆ ప్రశ్నలకు బిడ్డ గొప్పగా కనిపించాలని కాక, ఉన్నది ఉన్నట్టు జవాబు రాయడం మన మొదటి ధర్మం.

ఏం చూడాలో కూడా తెలుసుకుందాం. ఈ దేశపు ఆరోగ్య సంస్థ సి.డి.సి. 2004లో ‘లెర్న్ ద సైన్స్, యాక్ట్ ఎర్లీ’ అనే కార్యక్రమం మొదలుపెట్టింది. ఏ వయసుకు చాలామంది పిల్లలు ఏం చేస్తారో ఆ జాబితాను 2022లో సవరించింది. దాని ప్రకారం 9 నెలలకు పేరు పెట్టి పిలిస్తే చూడాలి. ఏడాదికి టాటా చెప్పాలి. 15 నెలలకు కావలసినదాన్ని వేలితో చూపాలి. 18 నెలలకు తనకు నచ్చినదాన్ని మనకు చూపించడానికి వేలు పెట్టాలి, అంటే ఆకాశంలో చంద్రుణ్ణి చూసి మన వైపు తిరిగి మనమూ చూశామా అని చూడాలి. అమ్మ, నాన్న కాక ఇంకో మూడు మాటలైనా అనడానికి ప్రయత్నించాలి. రెండేళ్ళకు ‘పాలు కావాలి’ వంటి రెండు మాటలు కలపాలి. రెండున్నరేళ్ళకు సుమారు 50 మాటలు ఉండాలి. వీటిలో ఏదో ఒకటి రాలేదంటే రోగమని అర్థం కాదు. అడగవలసిన సమయం వచ్చిందని మాత్రమే అర్థం. వచ్చిన మాటలు పోయినా, నవ్వడం చూడటం తగ్గినా ఒక్క రోజు కూడా ఆగకుండా డాక్టరుకు చెప్పాలి.

ఆగుదామనడానికి మనం చెప్పే కారణాలు

ఆగుదామనేవారిని తేలికగా తీసిపారేయకూడదు. వారి మాటల్లోనూ కొంత నిజం ఉంది. ఒక్కొక్కటీ చూద్దాం.

మొదటిది, ‘‘మగపిల్లలకు మాటలు ఆలస్యం’’. మగపిల్లలు సగటున కొంచెం ఆలస్యంగా మాట్లాడే మాట నిజమే. రెండేళ్ళకు మాటలు తక్కువగా ఉన్న పిల్లల్లో చాలామంది తరువాత అందుకుంటారన్నదీ నిజమే. కాని ఆటిజం కూడా ఆడపిల్లల కంటే మగపిల్లల్లోనే మూడు రెట్లకు పైగా కనిపిస్తోంది. అంటే ఎక్కడ ఎక్కువ జాగ్రత్త కావాలో సరిగ్గా అక్కడే ఈ సామెత మనల్ని నిద్రపుచ్చుతోంది. ఎవరు తమంతట తామే అందుకుంటారో, ఎవరికి సహాయం కావాలో రెండేళ్ళ వయసులో ఏ నాయనమ్మా, ఏ డాక్టరూ కచ్చితంగా చెప్పలేరు. చూపించుకుంటే, అవసరం లేకపోయిన బిడ్డకు పోయేది రెండు మూడు పూటల సమయం. చూపించుకోకపోతే, అవసరమైన బిడ్డకు పోయేది తిరిగి రాని వయసు. ఈ రెండు నష్టాలనూ ఒకే త్రాసులో వేయడం న్యాయం కాదు.

రెండవది, ‘‘ఇంట్లో తెలుగు, బయట ఇంగ్లీషు, అందుకే తికమక పడుతున్నాడు’’. రెండు భాషలు వినడం వల్ల మాట ఆగిపోదని, ఆటిజం రాదని పరిశోధనలు చెబుతూనే ఉన్నాయి. రెండు భాషల పిల్లవాడి మాటలు లెక్కపెట్టేటప్పుడు రెండు భాషలవీ కలిపి లెక్కించాలి. ‘కుక్క’, ‘మిల్క్’, ‘తాత’, ‘కార్’ నాలుగూ మాటలే. పైగా పిలిస్తే పలకడానికి, వేలు పెట్టి చూపడానికి ఏ భాషా అక్కరలేదు కదా. కాబట్టి బిడ్డకు మాట ఆలస్యమైందని ఇంట్లో తెలుగు మానేయనక్కరలేదు. మానేస్తే నష్టపోయేది అమ్మమ్మతో మాట్లాడే ఆ కొంచెం బంధమే. మరొక ముఖ్యమైన సంగతి. మాటలు రాని ఏ బిడ్డకైనా ముందుగా చేయించవలసింది వినికిడి పరీక్ష. పుట్టినప్పుడు ఆసుపత్రిలో పరీక్ష బాగానే వచ్చినా, తరువాత చెవిలో నీరు చేరడం వల్లో మరో కారణం వల్లో వినికిడి తగ్గవచ్చు.

మూడవది, ‘‘మనవాళ్ళలో ఇలాంటివి లేవు’’. ఈ దేశంలో 3 నుంచి 17 ఏళ్ళ పిల్లల్లో సుమారు ప్రతి ఆరుగురిలో ఒకరికి ఎదుగుదలకు సంబంధించిన ఏదో ఒక ఇబ్బంది ఉందని 2009 నుంచి 2017 దాకా సేకరించిన లెక్కలు చెప్పాయి. 2022లో ఎనిమిదేళ్ళ పిల్లలను లెక్కిస్తే, సి.డి.సి. పరిశీలించిన ప్రాంతాలలో ప్రతి 31 మందిలో ఒకరికి ఆటిజం ఉన్నట్టు తేలింది. అందులో ఆసియా సంతతి పిల్లల సంఖ్య తెల్లవారి పిల్లల కంటే తక్కువేమీ కాదు, ఎక్కువే. మన సంఘంలో ఎంతమంది పిల్లలున్నారో మనకు తెలుసు. లెక్క మనమే కట్టుకోవచ్చు.

నాలుగవది, అన్నిటికన్నా బరువైనది, ‘‘పేరు పడిపోతుంది. నలుగురూ ఏమనుకుంటారో. రేపు అక్క పెళ్ళికి అడ్డమవుతుందేమో’’. ఈ భయాన్ని ఎగతాళి చేయలేం. మన సమాజం అలాగే ఉంది. కాని ఈ భయంలో ఖర్చవుతున్నది ఎవరి సొమ్మో చూడండి. పరువు మనది. కాలం బిడ్డది. ఇంట్లో మిగతావన్నీ మనం సంపాదించినవే కావచ్చు, బిడ్డ రెండో ఏడు మాత్రం బిడ్డ సొంతం. అది గడిచిపోయాక జీతంలోంచి తీసి తిరిగి ఇవ్వగలిగింది కాదు. ఒక బిడ్డ కాలాన్ని తీసి మరొక బిడ్డ పెళ్ళికి దాచిపెట్టే హక్కు తల్లిదండ్రులకు ఏ ధర్మశాస్త్రమూ ఇచ్చినట్టు మాకు తోచదు. దాచినంత మాత్రాన ఉన్నది లేకుండా పోదు కూడా. ఐదేళ్ళకు కిండర్‌గార్టెన్ టీచరు చెప్పనే చెబుతుంది.

కర్మ అన్న మాట

ఐదవది కర్మ. ‘‘మన ప్రాప్తం ఇంతే’’ అని ఊరుకోవడం, ‘‘ఏ జన్మలో ఏ పాపమో’’ అని ఇతరులు అనడం. ఈ రెండవ మాట ఒక తల్లి ముందు అనడం కన్నా క్రూరమైన పని లేదు. బిడ్డకు దెబ్బ తగిలి రక్తం వస్తుంటే ముందు కట్టు కడతాం, పూర్వజన్మ లెక్కలు అడగం. మరి మాట ఆగిపోయినప్పుడు మాత్రం ఎందుకు అడగాలి?

దైవం గొప్పదా, పురుష ప్రయత్నం గొప్పదా అన్న చర్చ మన గ్రంథాలకు కొత్త కాదు. మహాభారతం ఆనుశాసనిక పర్వంలో ఈ ప్రశ్న వస్తుంది. అక్కడ దైవాన్ని విత్తనంతో, మనిషి ప్రయత్నాన్ని పొలంతో పోల్చారు. ఒకటి లేక రెండవది పండదని తాత్పర్యం. యోగవాసిష్ఠంలో వసిష్ఠులవారు శ్రీరామునికి పౌరుషాన్ని గూర్చే గట్టిగా బోధిస్తారు. కర్మ సిద్ధాంతం జరిగినదానికి కారణం చెప్పవచ్చు. చేయవలసినదాన్ని మానుకోవడానికి అది అనుమతి ఇవ్వదు. తిరుపతి వెంకన్నకు మొక్కుకోండి, దిష్టి తీయండి, ఎవరూ కాదనరు. ఆ రోజే డాక్టరు అపాయింట్‌మెంటు కూడా తీసుకోండి. రెంటికీ వైరం లేదు.

తల్లిని తప్పుపట్టే అలవాటు మనకే ఉందనుకోవద్దు. 1943లో లియో కానర్ ఆటిజాన్ని మొదటిసారి వివరంగా వర్ణించిన తరువాత, తల్లులు చల్లగా, ప్రేమ లేకుండా ఉండటం వల్లనే ఇది వస్తుందన్న వాదం ఈ దేశంలో ఏళ్ళ తరబడి చలామణి అయింది. దాన్ని బాగా ప్రచారం చేసినవారిలో ఒకరైన బ్రూనో బెటల్‌హైమ్ మన చికాగోలోనే, యూనివర్సిటీ ఆఫ్ చికాగోకు చెందిన ఆర్థోజెనిక్ స్కూలును చాలాకాలం నడిపారు. 1967లో ఆ విషయం మీద పుస్తకం కూడా రాశారు. అంతకు ముందే 1964లో బెర్నార్డ్ రిమ్‌లాండ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, తానే ఆటిజం ఉన్న కుమారుడికి తండ్రి, ఇది పెంపకపు లోపం కాదని, శరీర నిర్మాణానికి సంబంధించినదని వాదించి చూపారు. చివరికి నిలిచింది ఆయన మాటే. ఈలోపల ఎంతమంది తల్లులు చేయని నేరానికి కుమిలిపోయారో! చదువుకున్న పండితులే ఆ తప్పు చేశారంటే, మనం మాట జారే ముందు ఎంత జాగ్రత్తగా ఉండాలో గ్రహించాలి.

ముందే తెలిస్తే ఏమి ఒరుగుతుంది?

‘‘తెలుసుకుని మాత్రం ఏం చేస్తాం, మందు లేదు కదా’’ అనేవారూ ఉన్నారు. చాలావాటికి మాత్ర వేస్తే పోయే మందు లేదన్నది నిజం. ముందే గుర్తించినంత మాత్రాన ప్రతి బిడ్డా అందరిలా అయిపోతాడని చెప్పడమూ అబద్ధమే. కాని తేడా వస్తుంది. వినికిడి లోపం గురించి క్రిస్టీన్ యొషినాగా ఇటానో బృందం కొలరాడోలో చేసి 1998లో ప్రచురించిన పరిశోధన ప్రసిద్ధమైనది. ఆరు నెలల లోపు గుర్తించిన 72 మంది పిల్లలను, ఆ తరువాత గుర్తించిన 78 మందిని పోల్చి చూశారు. ముందుగా గుర్తించి సహాయం అందించిన పిల్లల భాష స్పష్టంగా మెరుగ్గా ఉంది. పిల్లలు వేరు, తల్లిదండ్రుల ప్రేమలో లోటు లేదు. తేడా అల్లా తెలిసిన సమయంలోనే. పుట్టిన బిడ్డకు నెల లోపు వినికిడి పరీక్ష, మూడు నెలల లోపు నిర్ధారణ, ఆరు నెలల లోపు సహాయం అన్న లక్ష్యాన్ని ఈ దేశంలో పాటిస్తున్నది అందుకే. మొదటి మూడేళ్ళలో మెదడు ఎంత వేగంగా అల్లుకుంటుందో అంత వేగం మళ్ళీ రాదు. ఆలస్యం అమృతం విషం అన్న మన సామెత ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది.

అక్షరాభ్యాసాన్నే గమనించండి. ఆ రోజు ఏ బిడ్డా తనంతట తాను ఓంకారం రాయడు. పెద్దవారి చెయ్యి బిడ్డ చేతిని పట్టుకుని దిద్దిస్తుంది. మెల్లగా ఆ చెయ్యి పట్టు సడలుతుంది, బిడ్డ రాస్తాడు. కొందరికి ఆ పట్టు కొంచెం ముందుగా మొదలవ్వాలి, కొంచెం ఎక్కువకాలం ఉండాలి. ఎర్లీ ఇంటర్వెన్షన్ అంటే అంతే.

మన ఊళ్ళో ఉన్న సహాయం

1975కు ముందు ఈ దేశంలోనూ ఇటువంటి పిల్లలను బడులు వెనక్కి పంపేవి. బడి ముఖం చూడని అటువంటి పిల్లలు పది లక్షల మందికి పైగా ఉన్నారని కాంగ్రెసే గుర్తించింది. ఆ ఏడాది నవంబరు 29న అధ్యక్షుడు ఫోర్డ్ సంతకం చేసిన చట్టంతో వారికి ఉచిత విద్య హక్కు అయింది. 1986లో దాన్ని పుట్టిన బిడ్డల వరకూ విస్తరించారు. 1990 నుంచి దాన్ని ఐ.డి.ఇ.ఎ. అని పిలుస్తున్నారు. ఇందులో ‘చైల్డ్ ఫైండ్’ అనే నియమం ఉంది. సహాయం కావలసిన పిల్లలను ప్రభుత్వమే వెతికి కనుక్కోవాలని దాని భావం. ప్రభుత్వం వెతుకుతుంటే మనం దాచిపెట్టడం ఎంత వింత!

మన ఇల్లినాయ్ రాష్ట్రంలో మూడేళ్ళ లోపు బిడ్డకు ఎర్లీ ఇంటర్వెన్షన్ కార్యక్రమం ఉంది. ప్రాంతాల వారీగా ‘చైల్డ్ అండ్ ఫ్యామిలీ కనెక్షన్స్’ ఆఫీసులున్నాయి. మన జిప్ కోడ్‌ను బట్టి మనది ఏదో తెలుస్తుంది. డాక్టరు చీటీ అక్కరలేదు, తల్లిదండ్రులే ఫోను చేయవచ్చు. ఫోను చేసిన నాటి నుంచి 45 రోజుల లోపు పరీక్షించి, అర్హత ఉంటే కుటుంబంతో కూర్చుని ఒక ప్రణాళిక రాయాలని నియమం. పరీక్షకు, ప్రణాళికకు డబ్బు తీసుకోరు. తరువాతి థెరపీలకు ఆదాయాన్ని, కుటుంబ సంఖ్యను బట్టి కొంత రుసుము ఉండవచ్చు. ఏదైనా ఒక విషయంలో 30 శాతం ఆలస్యం ఉంటే అర్హత వస్తుంది. అంటే 24 నెలల బిడ్డ సుమారు 17 నెలల బిడ్డ చేసే పనులు చేస్తున్నాడన్న మాట. గమనించండి, ఇందుకు రోగం పేరు ఉండనక్కరలేదు. పేరు పడుతుందని భయపడేవారికి ఇది ముఖ్యమైన సంగతి. థెరపిస్టు సాధారణంగా ఇంటికే వస్తారు. ప్రతి అడుగుకూ మన సంతకం కావాలి, వివరాలు రహస్యంగా ఉంచుతారు, వద్దనుకుంటే మానుకోవచ్చు. బిడ్డ ఇంట్లో వినేది తెలుగే అయితే తెలుగులో పరీక్షించమని, దుబాసీని ఏర్పాటు చేయమని అడిగే హక్కు కూడా ఉంది. చట్టంలో పౌరసత్వపు షరతు లేదు.

మూడేళ్ళు నిండిన బిడ్డ బాధ్యత బడి డిస్ట్రిక్టుది. షామ్‌బర్గ్‌లో చాలామందికి అది డిస్ట్రిక్ట్ 54. బిడ్డ ఇంకా ఏ బడిలోనూ చేరకపోయినా సరే, పరీక్షించమని రాతపూర్వకంగా అడగవచ్చు. పరీక్షించాలో లేదో 14 బడి రోజులలో వారు తేల్చాలి. మనం ఒప్పుకుని సంతకం చేశాక 60 బడి రోజులలో పని ముగించాలి. ఉత్తరం రాసి తేదీ వేసి ఒక ప్రతి దగ్గర ఉంచుకోవడం మంచిది. మూడేళ్ళు దాటాక ఈ సేవలకు రుసుము లేదు. థెరపిస్టుల కొరత వల్ల కొన్నిసార్లు వేచి ఉండవలసి వస్తుంది. తొందరగా ఫోను చేయడానికి అది ఇంకొక కారణం.

మన దేశంలోనూ ఈ విషయంలో మేలుకొలుపు వచ్చింది. సికింద్రాబాదులో మానసిక వికలాంగుల జాతీయ సంస్థ 1984లోనే వెలిసింది. ఈనాడు దాని పేరు ఎన్.ఐ.ఇ.పి.ఐ.డి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు వెళ్ళి పిల్లలను చూడాలి. ఎదుగుదలలో ఆలస్యం కనిపిస్తే జిల్లా కేంద్రంలోని ప్రత్యేక విభాగానికి పంపాలి. గుంటూరు జిల్లా పల్లెలో అంగన్‌వాడీ బిడ్డకు అందవలసిన చూపు, షామ్‌బర్గ్‌లో ఉన్న మన బిడ్డకు మన సంకోచం వల్ల అందకుండా పోకూడదు.

చెప్పడం ఎలా?

చూసినవాళ్ళు చెప్పాలా అన్న ప్రశ్నకు మా జవాబు: చెప్పాలి. ఊరుకోవడం మర్యాదగా కనిపిస్తుంది గాని, చాలాసార్లు అది మన సౌకర్యమే. అయితే చెప్పే తీరు ఉంది. పది మందిలో చెప్పకూడదు. వాట్సాప్ గ్రూపులో అసలే కాదు. రోగం పేరు పెట్టడం మన పని కాదు. చూసినది చూసినట్టు చెప్పాలి. మన పిల్లవాడితో పోల్చకూడదు. ‘‘వదినా, బాబుని మూడుసార్లు పిలిచాను, తిరిగి చూడలేదు. చెవులు ఒకసారి చూపించారా? ఎప్పుడు వెళ్ళాలన్నా చెప్పండి, పెద్దదాన్ని నేను బడి నుంచి తీసుకొస్తాను.’’ ఇంతే. మాటతో పాటు చేయి కూడా అందించగలిగినవారే ఆ మాట చెప్పడానికి తగినవారు. ఊరి నుంచి వచ్చిన అమ్మమ్మలు, తాతయ్యలు ఈ విషయంలో ఎంతో మేలు చేయగలరు. ‘‘ఏమీ కాదులే’’ అనే బదులు ‘‘చూపిద్దాం పదండి’’ అంటే కోడలి గుండె సగం తేలికపడుతుంది. ఆ మాట విని ఎవరైనా కోపగించుకుంటే ఓర్చుకోవాలి. ఆ కోపం మన మీద కాదు, భయం మీద.

ఇక మనవాళ్ళు అష్టావక్రుని కథ చెప్పుకుంటారు. ఎనిమిది వంకరల దేహాన్ని చూసి జనకుని సభ నవ్విందని, ఆయన జ్ఞానం విని తల వంచిందని. కథ గొప్పదే. కాని దాన్ని చెప్పుకునేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. అష్టావక్రుడు జ్ఞాని కాబట్టి గౌరవించాలా? జ్ఞాని కాకపోయి ఉంటే ఆ నవ్వు సరైనదే అయ్యేదా? ప్రత్యేక అవసరాలున్న ప్రతి బిడ్డలోనూ ఏదో మహా ప్రతిభ దాగి ఉండాలని వెతకనక్కరలేదు. ఉండవచ్చు, లేకపోవచ్చు. అన్ని దేహాలలోనూ ఒకే ఆత్మ ఉందని మనం రోజూ అనుకునే మాట నిజమైతే, ఆ బిడ్డ గౌరవానికి వేరే అర్హత అక్కరలేదు. థెరపీ చేయించేది కూడా పక్కింటి పిల్లవాడిని దాటించడానికి కాదు. ఆకలి వేస్తే చెప్పుకోగలగడానికి, నొప్పి ఎక్కడో చూపగలగడానికి, తనవాళ్ళతో కలిసి ఉండగలగడానికి.

ఇందులో గుడి వంతు కూడా ఉంది. గంట మోగితే చెవులు మూసుకుని ఏడ్చే బిడ్డను చూసి వెనుదిరిగి చూడకుండా ఉందాం. ఆ కుటుంబం జనం తక్కువగా ఉన్న వేళ వస్తామంటే అర్చకస్వాములను అడిగి సహకరిద్దాం. అక్షరాభ్యాసంలో ఒక నిమిషం కూర్చోలేని బిడ్డ నిలబడే బియ్యాన్ని తాకితే సరస్వతీదేవికి అభ్యంతరం ఉండదు. వంటశాలలో, కార్ పార్కింగులో సేవ చేసే వాలంటీర్లు మనకు ఎంతోమంది ఉన్నారు. ఈ తల్లికి రెండు గంటలు తోడు ఉండటమూ సేవేనని గుర్తిద్దాం.

మీ ఇంట్లో మూడేళ్ళ లోపు బిడ్డ ఉండి, మీ మనసులో ఏదైనా సందేహం మెదులుతూ ఉంటే, బిడ్డ మూడో పుట్టినరోజు ఎప్పుడో ఈ రోజే కాలెండరులో చూసుకోండి. దానికి ముందున్న ప్రతి నెలా విలువైనదే. పండుగ సెలవు అయిపోయిన మరునాడు ఉదయమే ఆ ఫోను చేయండి. సందేహం తప్పని తేలితే మీతో పాటు మేమూ సంతోషిస్తాం. నిజమని తేలితే మీ వెంట మేము ఉంటాం.

జగన్మాత మన పిల్లలందరినీ చల్లగా చూచుగాక.